తెలుపుకీ మీగడకీ మధ్య

1, సోమవారం

మేనకోడలు నన్ను ఫోన్‌లో ఏదో గుంపులో చేర్చింది. ముప్ఫై రోజుల పందెమట. పొద్దున్నే ఒక మాట ఇస్తారు, రాత్రిలోగా ఆ మాటకి బొమ్మ వేసి పెట్టాలి. గువాష్ రంగులతోనే వేయాలి. "అత్తా, నీ చేతిలో అంత పనితనం పెట్టుకుని సాయంత్రాలు టీవీ చూస్తూ కూర్చుంటావేంటి?" అంది. టీవీ చూసేది నేను కాదు, మా అత్తగారు. నేను పక్కన కూర్చుంటానంతే.

బొమ్మలు నేర్చుకోవాలన్న సరదా నాకేం లేదు. ఒప్పుకున్న కారణం వేరు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళుగా మా డెంటల్ ల్యాబ్‌లో పళ్ళకి రంగు చూసేది నేను. ముందు పళ్ళు కట్టించుకునే మనిషిని డాక్టర్లు నేరుగా మా దగ్గరికే పంపిస్తారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, పదహారు నమూనా పళ్ళున్న గుత్తి నోటి దగ్గర పట్టుకుని, ఏది కలుస్తుందో చూసి నంబరు రాస్తాను; నంబరు పెరిగేకొద్దీ పసుపు ఎక్కువ. ఆ నంబరు పింగాణీ పొడి తడిపి, సన్న బ్రష్‌తో పొర మీద పొర పేర్చి పన్ను చేస్తాను. పోయిన వారం ఒక టీచరమ్మకి చేసిన మూడు పళ్ళు వెనక్కి వచ్చాయి. పచ్చగా ఉన్నాయట. క్లాసులో నోరు తెరవలేకపోతున్నానని ఆవిడ ఏడ్చిందట.

ఎవరి తప్పని సార్ అడిగారు. రంగు నాది. కొలిమిలో కాల్చడం నా పక్క బల్ల అతనిది. ఇరవై రెండేళ్ళుగా పక్కపక్కనే పని చేస్తున్నాం. నన్ను అక్కా అంటాడు కాబట్టి నాకు కొలిమి తమ్ముడు. కొలిమిలో తేడా వచ్చి ఉంటుందని నేనన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. నెలాఖరు దాకా ఇంట్లో ఉండు, తర్వాత చూద్దామని సార్ ఇవాళ అతన్ని పంపేశారు.

నా కన్ను బాగానే ఉంది. ముప్ఫై బొమ్మలు వేస్తే అది నాకే తెలిసిపోతుంది.

ఇవాళ్టి మాట తలుపు. మా వీధి తలుపే వేశాను. తలుపులా లేదు, నిలబెట్టిన మంచంలా ఉంది.

2, మంగళవారం

ఈ గువాష్ వింత సరుకు. నీళ్ళ రంగే గాని కాగితం కనబడనివ్వదు. గోడకి సున్నం కొట్టినట్టు కప్పేస్తుంది. తప్పు పోతే ఆరనిచ్చి, పైన ఇంకో పూత వేసేయడమే. ఈ గుణం నాకు నచ్చింది.

ఒక్కటే చిక్కు. తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఒక రంగు. నిన్న నీలంగా వేసిన తలుపు పొద్దున చూస్తే బూడిద రంగులో ఉంది. మేనకోడల్ని అడిగితే, "లేతవి ఆరాక కొంచెం ముదురుతాయి అత్తా, ముదురువి కొంచెం తేలిపోతాయి. అందరికీ అంతే" అంది. ఇదేం నాకు కొత్త కాదు. మా పింగాణీ కూడా అంతే, తడి మీద ఒకలా, కొలిమిలోంచి వచ్చాక ఇంకోలా. కాబట్టి బొమ్మలో రంగు తేడా వస్తే అది ఆరడంలో వచ్చిన తేడా అన్నమాట.

3, బుధవారం

గిన్నె. పర్వాలేదు.

5, శుక్రవారం

కొలిమి దగ్గరికి కొత్తాయన వచ్చాడు. మీట నొక్కి, చేతులు కట్టుకుని నిలబడతాడు. పన్ను బయటికి తీశాక దాని మొహం కూడా చూడడు, అచ్చు ట్రేలో పెట్టేసి వెళ్ళిపోతాడు. మా తమ్ముడైతే ప్రతి పన్నునీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూసి, తలూపి తెచ్చేవాడు. ఒక్కోసారి మళ్ళీ కొలిమిలో పెట్టేవాడు. అంత చాదస్తం ఎందుకని నేను విసుక్కునేదాన్ని.

బొమ్మ: కుర్చీ. మూడు కాళ్ళు బాగా వచ్చాయి.

7, ఆదివారం

ఇవాళ్టి మాట 'తెలుపు మీద తెలుపు'. చదవగానే నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే కదా! తెల్ల పళ్ళెంలో గుడ్డు పెట్టి, పదకొండు గంటల వెలుతుర్లో కిటికీ పక్కన కూర్చుని రెండు గంటలు వేశాను. నీడ కోసం రవ్వంత నీలం కలిపాను. మొదటిసారి నాకే ముచ్చటేసింది.

గుంపులో పెడితే ఒకావిడ, "సాయంత్రపు ఎండని ఎంత బాగా పట్టుకున్నారండీ" అని రాసింది. ఇంకొకాయన, "గుడ్డు మీద ఆ బంగారు వెలుగు అద్భుతం" అన్నాడు. ఇలా పదకొండు మంది.

బంగారు వెలుగు నేనెక్కడా వేయలేదు.

"అవునండీ, సాయంత్రమే వేశాను" అని జవాబు పెట్టాను.

8, సోమవారం

ఫోన్‌లో ఫొటో తీస్తే రంగులు పచ్చబడతాయి. ఇది అందరికీ తెలిసిందే.

9, మంగళవారం

ల్యాబ్‌కి ఇంకో పన్ను వెనక్కి వచ్చింది. కొత్తాయన కాల్చిందే. నేను చెప్పలేదా అన్నట్టు సార్ వైపు చూశాను. సార్ నా వైపు చూడలేదు.

11, గురువారం

ఇవాళ గోడ వేయాలి. మొదట వేసిన రంగు మురికిగా వచ్చింది. ఆరనిచ్చి పైన పూత వేశాను. నచ్చలేదు, ఇంకో పూత వేశాను. మూడోసారి తడి బ్రష్ పెట్టి కాస్త గట్టిగా రుద్దేసరికి అడుగున ఉన్న మురికి రంగు లేచి పైకొచ్చి, అంతా కలిసి బురదైంది. ఆరిన గువాష్‌కి నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుందట. ఆ ముక్క మేనకోడలు ముందు చెప్పొద్దూ! దీంట్లో వేదాంతం వెతికే ఓపిక నాకు లేదు. కాగితం చించి పారేశాను.

తెల్ల గొట్టం అయిపోయింది. మేనకోడలు పంపిన పెట్టెలో ఇంకోటి ఉంటే తీశాను.

12, శుక్రవారం

కొలిమి తమ్ముడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తర్వాత మెసేజ్ పెట్టాడు. "అక్కా, కొలిమి తలుపు కింద పట్టీ కొంచెం వదులైంది. నేను రోజూ సర్ది బిగించేవాణ్ణి. కొత్తాయనకి తెలియదు, చెప్పండి. వేడి పోతుంది."

ఇంట్లో కూర్చోబెట్టినా కొలిమి గురించే ఆలోచిస్తున్నాడు.

13, శనివారం

మెసేజ్ సార్‌కి చూపించాను. ఊరికే, పట్టీ బిగించాలి కదా అని.

సార్ రెండుసార్లు చదివారు. "అంటే కొలిమిలో లోపం ఉందని అతనికి ముందే తెలుసన్నమాట" అన్నారు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

14, ఆదివారం

మా అత్తగారికి ఎనభై ఒకటి. మూడేళ్ళ కిందట కళ్ళకి శుక్లాలు తీయించాం. కట్టు విప్పాక ఆవిడ మొదట చూసింది నా మొహం. "ఇంత ముసలిదానివైపోయావేంటే?" అంది. అప్పట్నుంచి ఇంట్లో ఏ మూల దుమ్మున్నా ఆవిడ కంట్లోనే పడుతుంది.

ఇవాళ నేను కిటికీ వేస్తుంటే వెనక నిలబడింది.

"ఒక్క గోడకి రెండు రంగులెందుకే?"

"రెండేంటి అత్తయ్యా, ఒక్కటే. తెలుపు."

"ఇదిగో ఇది తెలుపు. ఇది పాలమీద మీగడ రంగు." నేను రంగులు కలిపే పళ్ళెంలో పక్కపక్కనే ఎండిన రెండు ముద్దల్ని వేలితో పొడిచి చూపించింది. ఒకటి పాత గొట్టంలోది, ఒకటి గురువారం తీసిన కొత్త గొట్టంలోది.

గొట్టం తీసి భూతద్దంతో చూశాను. ఐవరీ, అంటే దంతపు రంగు అని రాసి ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

చదవలేదు కాబట్టి పొరబడ్డాను. ఎవరైనా పొరబడతారు.

15, సోమవారం

విజిటింగ్ కార్డంత ముక్కలు పది కోశాను. మొదటి దానికి శుద్ధ తెలుపు వేశాను. రెండో దానికి అగ్గిపుల్ల మొనతో పసుపు కలిపి వేశాను, మూడో దానికి ఇంకో మొన, అలా పది దాకా. దేనికి ఎంత పసుపు కలిపానో లెక్క పెట్టుకుని, వెనక నంబర్లు రాశాను. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకు పెట్టిన పరీక్ష ఇలాంటిదే. అప్పుడు కునుకు తీస్తూ కూడా పేర్చేదాన్ని.

కార్డులన్నీ కలిపేసి, వరసగా పేర్చి, తిప్పి చూశాను. ఆఖరి నాలుగూ సరిగ్గా ఉన్నాయి. మొదటి ఆరూ కళ్ళు మూసుకుని పేర్చినా ఇంతకన్నా మెరుగ్గా వచ్చేవి.

16, మంగళవారం

కార్డులు సరిగ్గా ఆరి ఉండవు.

17, బుధవారం

ఆరాయి. సెలవు పెట్టి, పదకొండింటి వెలుతుర్లో మూడుసార్లు పేర్చాను. మూడుసార్లూ మొదటి ఆరు కలగాపులగం.

అత్తగారిని పిలిచాను. "నన్నెందుకు లాగుతావే, సీరియల్ అయిపోతుంది" అని గొణుక్కుంటూ వచ్చి, నిలబడే పేర్చేసింది. తిప్పి చూశాను. ఒకటి నుంచి పది దాకా ఒక్కటి కూడా తప్పలేదు.

"ఇదేం ఆటే, ఇంత తేలిగ్గా ఉంది?" అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

తలకొట్టేసినట్టయింది.

18, గురువారం

బొమ్మ వేయలేదు. గుంపులో అడిగారు. జ్వరమన్నాను.

19, శుక్రవారం

రాయకపోతే నిద్రపట్టేలా లేదు, రాస్తున్నాను.

పింగాణీ తక్కువ కాలితే పన్ను సుద్దముక్కలా ఉంటుంది. ఎక్కువ కాలితే గాజులా తేలిపోయి బూడిద రంగు కొడుతుంది. కొలిమి ఎంత పాడైనా పన్ను పచ్చబడదు. తలుపు పట్టీ వదులైనా పచ్చబడదు. పసుపు రావాలంటే పొడిలోనే రావాలి, అంటే నంబరులోనే రావాలి. ఈ సంగతి సార్‌కి తెలియదు, ఆయన యజమాని గాని పనివాడు కాదు. ల్యాబ్‌లో ఇది తెలిసినవాళ్ళం ఇద్దరమే.

టీచరమ్మ పళ్ళు వెనక్కి వచ్చిన రోజున కూడా ఇది నాకు తెలుసు. కొలిమి అని నోరు జారలేదు. తెలిసే అన్నాను.

భయమేసింది. మా ఆయన పోయాక ఆరేళ్ళుగా ఈ ఇంటికి నేనూ, నా కుర్చీ తప్ప ఇంకో ఆధారం లేదు. యాభై నాలుగేళ్ళ దాన్ని, కన్ను పోయిందంటే ఎవరు పనిలో ఉంచుకుంటారు? ఇదంతా నిజమే. కానీ అతనికీ ఒక ఇల్లుంది, చదువుకునే ఆడపిల్లలిద్దరున్నారు. ఆ క్షణంలో అది గుర్తు రాలేదని రాయబోయాను. వచ్చింది.

20, శనివారం

ఇంకో రెండు వెనక్కి వచ్చాయి. కొలిమి తమ్ముడు వెళ్ళాక మొత్తం మూడు. అతనుండగా రెండేళ్ళలో ఒకే ఒక్కసారి, అది టీచరమ్మది. కొత్తాయన ఇవాళ సార్‌తో నా ముందే, "నేను మీట నొక్కుతానండి, రంగు నాకేం తెలుసు?" అన్నాడు. ఆ మాటలో తప్పేం లేదు.

వెళ్ళేటప్పుడు సార్ పిలిచారు. "పాతాయన్ని ఇంక రావద్దని చెప్పేస్తాను. ముప్ఫయ్యో తేదీతో సరి. లోపం తెలిసీ దాచాడు కదా, మీరే చూపించారుగా. ఒకటో తేదీకి అనుభవమున్న మనిషిని తీసుకుంటాను" అన్నారు.

సరే సార్ అని వచ్చేశాను.

21, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో మూడోసారి. తలుపు తీసిన అతని భార్య నన్ను చూసి పక్కకి తప్పుకోలేదు. "ఏం కావాలండీ?" అంది. ఎప్పుడూ వదినా అనే మనిషి. లోపల్నుంచి అతనే, "రానీ" అన్నాడు.

కుక్కర్ మూత విప్పి రబ్బరు మారుస్తున్నాడు. వీధిలో వాళ్ళవి ఇంకో నాలుగు కుక్కర్లు వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను.

"సార్ నిన్న ఫోన్ చేసి నా మెసేజ్ నాకే చదివి వినిపించారు" అన్నాడు. "నేను మీకు పెట్టిన మెసేజ్."

కార్డుల సంగతి చెప్పాను. పది కార్డులు, మూడుసార్లు, మా అత్తగారు నిలబడి పేర్చడం, అన్నీ.

అతను ఆశ్చర్యపోలేదు. "రెండేళ్ళయింది అక్కా" అన్నాడు.

"నీకు తెలుసా?"

"మనిషి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు నేనూ ఓ చూపు చూసేవాణ్ణి. మీరు మూడు రాస్తే నాకు రెండు కనబడేది. మొదట నాదే పొరపాటనుకున్నా. తర్వాత తెలిసింది. ఆఖర్న మెరుపు పూత కాల్చేటప్పుడు పైన కొంచెం తెలుపు పూసి సరిచేసేవాణ్ణి. టీచరమ్మ వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నా. ఆవిడ పళ్ళు నేను చూడలేదు. మీరు రాసిన నంబరు చూసి కాల్చేశా."

అతను పన్ను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడడం, మళ్ళీ కొలిమిలో పెట్టడం కళ్ళముందు కదిలింది. చాదస్తమని విసుక్కున్నానే!

"నువ్వు దేవుడివి తమ్ముడూ" అన్నాను.

అతనికి కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో అతని కోపం చూడడం ఇదే మొదలు. చేతిలో రబ్బరు నేలకేసి కొట్టాడు. "దేవుణ్ణీ కాదు, మంచివాణ్ణీ కాదు. మీ కన్ను పోయిందని బయటికి తెలిస్తే డాక్టర్లు ల్యాబ్‌కి పని పంపరు. పని రాకపోతే నా కొలిమీ ఆగిపోతుంది. అందుకు నోరు మూసుకున్నా. మీరేదో నన్ను నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్ళి హాయిగా ఉండకండి. కొలిమి తప్పని సార్ ముందు అన్నారు చూడండి, అప్పుడు నా మొహం కూడా చూడలేదు మీరు. సార్‌కి తెలియదు గాని నాకు తెలుసు కదా పచ్చ ఎక్కణ్ణుంచి వస్తుందో! ఎప్పుడైనా ఒక్కసారి, 'తమ్ముడూ, ఇది నీకెలా కనబడుతోంది' అని అడగొచ్చు కదా. ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చున్నా. ఒక్కసారి అడగలేదు."

"సార్ ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"మీరు చెప్తారేమోనని చూశా" అన్నాడు.

ఏడ్చాను. అతను ఊరుకోమనలేదు. నేను లేచి వస్తుంటే అతని భార్య తలుపు వేసేసింది, నేను ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నాను.

22, సోమవారం

పొద్దున్నే వెళ్ళి సార్ గదిలో తలుపు వేయబోతుంటే, వేయకుండా ఉంటేనే మంచిదనిపించింది. తెరిచే ఉంచి చెప్పాను. నంబరు తప్పు రాసింది నేనని, కొలిమి వల్ల పన్ను పచ్చబడదని, అది తెలిసే అబద్ధం చెప్పానని, ఆ మెసేజ్ మన కొలిమి బాగుండాలని పెట్టిందే గాని తప్పు ఒప్పుకోలు కాదని, రెండేళ్ళుగా నా తప్పులు దిద్దింది అతనేనని. అక్కడక్కడా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. బయట బల్లల దగ్గర చప్పుడు ఆగిపోయింది.

సార్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మీరు ఇలా చేస్తారనుకోలేదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. కుర్చీ సంగతి తర్వాతన్నారు.

23, మంగళవారం

రెండు కళ్ళలోనూ శుక్లాలు. డాక్టరమ్మ నా కన్నా చిన్నది. "మీరు లోకాన్ని పచ్చటి గాజు వెనకనుంచి చూస్తున్నారు. కొద్దికొద్దిగా వచ్చింది కాబట్టి మీకు తెలియలేదు. మిగతావాళ్ళు మీ వయసులో దీన్ని పట్టించుకోరు. మీ పని తెలుపులో తేడాలు చూడడం కాబట్టి ముందు అక్కడే దెబ్బ తగిలింది" అంది. వచ్చే నెల ఒక కన్నుకి, ఆ తర్వాత రెండోదానికి ఆపరేషన్. రంగు మునుపటిలా పట్టగలనా అని అడిగాను. చాలామందికి బాగుంటుంది, మీ పనికి సరిపోయేంత వస్తుందా అన్నది చేశాకే తెలుస్తుందంది.

అత్తగారికి చెప్పాను. "నేను నాలుగు నెలల్నుంచి చెబుతూనే ఉన్నాను, నువ్వు ఉతికిన తెల్ల చీరలు తెల్లగా ఉండట్లేదని" అంది. చెప్పింది, నిజమే. సబ్బు మంచిది కాదని సబ్బు మార్చాను.

24, బుధవారం

అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని గొట్టాల మూతలన్నిటి మీదా పెద్దక్షరాలతో రంగుల పేర్లు రాయించాను. ఆవిడ అక్షరాలు కోడిపిల్లలు పరిగెత్తినట్టున్నాయి. బొమ్మ: మెట్లు.

26, శుక్రవారం

సార్ పిలిచారు. సోమవారం నుంచి కొలిమి తమ్ముడు వస్తాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రంగు చూసేది ఇంక అతనే. కొలిమి కూడా అతని చేతి కిందే. నేను లోపలి బల్ల మీద పళ్ళ ఆకారం పేర్చాలి. ఆపరేషన్ తర్వాత సంగతి తర్వాత.

ఇది న్యాయం. న్యాయమని రాసి కూడా మనసు ఒప్పుకోవట్లేదు. ఆ కుర్చీ చేతులకి ఇరవై ఆరేళ్ళుగా నా మోచేతులే రాసుకున్నాయి. సొరుగులో నా జోళ్ళు, దువ్వెన, ఖాళీ మందుసీసాలు తీసి సంచిలో వేసుకున్నాను. నమూనా పళ్ళ గుత్తి సంచిలో పెట్టబోయి, మళ్ళీ సొరుగులోనే పెట్టి మూసేశాను.

28, ఆదివారం

గుడ్డు బొమ్మ కింద రాశాను: "ఇది సాయంత్రపు ఎండ కాదు. పొద్దున్న పదకొండింటికి వేశాను. నాకు శుక్లాలు, తెలుపుకీ మీగడకీ మధ్య తేడా తెలియట్లేదు. ఆ రోజు అబద్ధం చెప్పాను." జ్వరం కూడా అబద్ధమేనని రాద్దామనుకుని, అదొక్కటీ ఉంచుకున్నాను.

మేనకోడలు ఫోన్ చేసి ఏడ్చింది. "నేను ఆ ఎండ బాగుందని లైక్ కొట్టాను అత్తా" అంది. పిచ్చిపిల్ల.

29, సోమవారం

అతను వచ్చాడు. అందరూ చుట్టూ మూగారు. నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. భోజనాలప్పుడు కొలిమి తలుపు పట్టీ మార్చాడు.

30, మంగళవారం

టీచరమ్మని మళ్ళీ రమ్మన్నారు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకునే వచ్చింది. అతను లేచి ఎదురెళ్ళబోతుంటే నేనే ముందు వెళ్ళాను. "మీ పళ్ళ రంగు తప్పు రాసింది నేనండీ. కొలిమిది కాదు. నా కంటిది" అన్నాను. ఆవిడ, "నెల రోజులు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పానండీ" అంది. క్షమించాననలేదు. అనాలని నేనూ ఎదురుచూడలేదు.

ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి అతను గుత్తి తీశాడు. నేను లోపలికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు, పక్కన నిలబడ్డాను. రంగు రాసే కాగితం, పెన్సిలు అలవాటుగా నా చేతిలోనే ఉన్నాయి. నేనూ చూశాను. నాకు మూడు కనబడింది. స్పష్టంగా, ఎప్పట్లాగే, ఏ అనుమానమూ లేకుండా మూడు.

"తమ్ముడూ, నీకెలా కనబడుతోంది?" అన్నాను.

అతను టీచరమ్మని గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. ఒక నమూనా పెట్టాడు, తీశాడు, ఇంకోటి పెట్టాడు. ఆవిడని పెదవులు తడుపుకోమన్నాడు. మళ్ళీ చూశాడు. నేను రెండేళ్ళుగా అంతసేపు ఎవరి నోరూ చూడలేదు.

"రెండు" అన్నాడు.

నేను మళ్ళీ చూశాను. మూడే.

రెండు అని రాశాను.